ఇవ్వని రెండో అట్ట

మందుల కిటికీ వెనక ఇరవై ఆరేళ్ళు కూర్చున్న మనిషికి ముఖాలకన్నా చేతులే ఎక్కువ గుర్తుంటాయి. ఆ ఆసుపత్రి కిటికీ అలాంటిది. వరండాలోకి తెరుచుకునే మూరెడు కంత, దానికి ఇనప చువ్వలు, చువ్వల కింద అరచెయ్యి పట్టేంత సందు. చీటీ లోపలికి వస్తుంది, మందు బయటికి పోతుంది. వరండా దాటితే రోడ్డు, రోడ్డు దాటితే అద్దాల షాపు. క్యూ పల్చబడినప్పుడు ఆ షాపు ముందు నిలబెట్టిన నిలువుటద్దాల్లో మాస్టారికి తన కిటికీ, దాని ముందు నిలబడ్డవాళ్ళ వీపులూ కనిపించేవి.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, మందులిచ్చే కాంపౌండరు. మందుతో పాటు చీవాట్లు కూడా ఉచితంగా ఇస్తారని జనం పెట్టిన పేరది. పూర్తిగా చెప్పాలంటే అట్టల మాస్టారు. ఇచ్చిన మాత్రలన్నీ మింగి, ఖాళీ అట్ట తెచ్చి చూపిస్తేగానీ ఆ మనిషికి తర్వాత ఇంకో మందు ఇచ్చేవారు కారు. కొత్తలో ఒక దర్జీ, ఒంట్లో కాస్త తేలికపడగానే సగం మాత్రలు గుండీల డబ్బాలో దాచుకున్నాడు. ఆరు నెలలకి అదే జబ్బు తిరగబెడితే ఆ మాత్రలే మింగాడు, అవి పనిచెయ్యలేదు, మనిషి దక్కలేదు. అప్పట్నుంచి మాస్టారికి మనుషుల మాట మీద నమ్మకం పోయి అట్టల మీద కుదిరింది. "మా ఇంట్లో ఉప్పు డబ్బా బోర్లించి చూపిస్తేగానీ కొత్త ప్యాకెట్టు రాదమ్మా, నా నోటి మాట చెల్లదు" అని ఆయన భార్య పక్కింటావిడతో అంటుండేది. ఆయనకి వినపడేలాగే అనేది.

కిటికీ పక్కన ఒక చెక్క బోర్డు ఉండేది. "ఎవరి మందు వారే తీసుకోవాలి. ఇతరుల కోసం అడగరాదు." అది మాస్టారు తన చేత్తో రాసిందే. పద్నాలుగేళ్ళ కిందట ఒక వానాకాలంలో, వీధికొకరు చొప్పున వచ్చి వీధంతటికీ దగ్గు మందు పట్టుకుపోతుంటే, వాళ్ళని ఆపడానికి రాశారు. జనం దాన్ని సర్కారు ఆజ్ఞ అనుకున్నారు. పద్నాలుగేళ్ళలో మాస్టారు కూడా అలాగే అనుకోవడం మొదలుపెట్టారు.

వరండా చివర ఏడో గది. దాని మీద "చర్మ, సుఖ వ్యాధులు" అని ఉండేది. ఆ మాట కనిపెట్టినవాడు ఆ గది ముందు బెంచీ మీద ఒక్క పూట కూడా కూర్చుని ఉండడు. అక్కడ కూర్చున్నవాళ్ళ ముఖాల్లో సుఖం ఆనవాలు ఎంత వెతికినా దొరకదు. లోపల గోడకి ఒక పోస్టరు, అందులో చేతులు పట్టుకుని నవ్వుతున్న మొగుడూ పెళ్ళాం, కింద నమ్మకం గురించి ఒక ముక్క. పోస్టరు అచ్చు వేయించడం తేలిక, ఎవరికీ మందు ఇవ్వక్కర్లేదు. ఇదిలా ఉండగా, ఆఫీసులో ఎవరికో సౌకర్యంగా ఉంటుందని ఏడో గది చీటీలు పసుపు రంగులో వేయించారు. తక్కిన గదులవి తెలుపు. కిటికీ దగ్గర క్యూలో పసుపు చీటీ పట్టుకున్న మనిషి ఎవరో రోడ్డు అవతలికి కూడా తెలిసేది.

ఆ పసుపు చీటీతో ఇస్త్రీ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు మాస్టారు చూసింది ఆమె చేతులే. మణికట్టు మీద అడ్డంగా కాలిన గీతలు, పాతవీ కొత్తవీ. లాడ్జీల దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పని. పాతికేళ్ళుంటాయి. పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట, మంట. డాక్టరమ్మ పరీక్ష చేయించి ఏడు రోజుల మందు రాసింది. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి, మొత్తం పద్నాలుగు క్యాప్సూళ్ళ అట్ట. చీటీ అడుగున వేరే గీత గీసి "భర్తకు కూడా" అని రెండు మాటలు రాసింది.

మాస్టారు ఆ రెండు మాటలూ చదివారు. మొగుడికి చెప్పి పంపించమని ఆ అమ్మాయికి చేసిన హెచ్చరిక కాబోలు అనుకున్నారు. చీటీ ఒకటి, మనిషి ఒకరు, అట్ట ఒకటి. ఇచ్చేశారు.

ఆమె కదల్లేదు. ఇంకో అట్ట కావాలని, ఇంటాయనకని, గొంతు బాగా తగ్గించి అడిగింది. మాస్టారు వేలితో బోర్డు చూపించారు.

"ఆయన్ని రమ్మను."

"ఆయన రారండి."

"మరి నేను రానా? అట్ట జేబులో వేసుకుని, మీ ఇల్లెక్కడమ్మా అని అడుక్కుంటూ?"

వెనకాల నిలబడ్డ ముసలాయన, త్వరగా కానివ్వు తల్లీ, నా దగ్గు నీకంటుకునేలా ఉంది అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె అట్ట కొంగులో ముడేసుకుంది. వెళ్ళబోతూ ఆగి, ఈ మందు వల్ల పిల్లలు పుట్టడానికేమీ అడ్డం ఉండదు కదండీ అని అడిగింది. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇప్పటికే ఆలస్యమైందని ఇంట్లో అంటున్నారు. మాస్టారు ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం మెత్తగానే జవాబిచ్చారు. అడ్డం వచ్చేది రోగమమ్మా, మందు కాదు. పూర్తిగా వాడు. ఖాళీ అట్ట తెచ్చి చూపించు.

ఎనిమిదో రోజున తెచ్చింది. పద్నాలుగు గుంటలూ చిట్లి ఉన్నాయి, ఒక్క క్యాప్సూలూ మిగల్లేదు. మాస్టారు అట్టని వెలుతురుకి పట్టి చూసి, బుద్ధిమంతురాలివి అన్నారు.

రెండున్నర నెలలకి మళ్ళీ పసుపు చీటీ, అదే మందు, అడుగున అవే రెండు మాటలు. ఈసారి డాక్టరమ్మ వాటి కింద గీత కూడా కొట్టింది. ఇస్త్రీ అమ్మాయి మళ్ళీ రెండో అట్ట అడిగింది. మాస్టారు మళ్ళీ బోర్డు చూపించారు. పైగా, ఇంత నియమంగా మందు వాడినా మళ్ళీ వచ్చిందంటే ఇంట్లో మనిషి బుద్ధి చూసుకోవాలి, నా కిటికీ చుట్టూ తిరిగితే లాభం లేదు అని ఒక సలహా పారేశారు. కాలిన చేతులు చువ్వల మీంచి జారిపోయాయి. తర్వాత ఖాళీ అట్ట సమయానికి వచ్చింది.

నాలుగు నెలలకి మూడోసారి. ఈసారి అడగనే లేదు. అట్ట తీసుకుని వెళ్ళింది, ఖాళీ చేసి తెచ్చి చూపించింది. దారికొచ్చింది అనుకున్నారు మాస్టారు.

ఆ తర్వాత చాలాకాలం కనిపించలేదు. మాస్టారికి ఆమె సంగతి గుర్తులేదు కూడా. రోజుకి మూడు వందల చేతులు వచ్చిపోయే కిటికీలో ఒక జత రాకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఒకరోజు మధ్యాహ్నం, కిటికీ మూసే వేళకి ఆ మణికట్లు మళ్ళీ చువ్వల దగ్గర కనిపించాయి. చిక్కిపోయాయి. గోళ్ళు పాలిపోయి ఉన్నాయి. చీటీ తెల్లది, పెద్దాసుపత్రి నుంచి వచ్చిన కాగితాలకి గుచ్చి ఉంది. రక్తం పట్టడానికి మాత్రలు, రెండు నెలలకి. మాస్టారు అలవాటు చొప్పున అంతకు ముందు మందు తాలూకు ఖాళీ అట్ట ఏదని అడిగారు. అది పెద్దాసుపత్రిలో సూదిమందండీ, అట్ట లేదు అందామె. అప్పుడాయన కాగితాలు తిప్పారు.

చదవడం వచ్చిన మనిషి, ఆయనకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. గర్భసంచిలో నిలవాల్సిన పిండం దారిలోనే, ట్యూబులోనే నిలిచింది. పెరిగి ట్యూబు పగిలింది. లాండ్రీలో నిలబడి దుప్పటి మడుస్తున్న మనిషి అలాగే కూలబడిపోయింది. ఆపరేషన్ చేసి ఆ ట్యూబు తీసేశారు. రెండో ట్యూబు కూడా మచ్చలు కట్టి మూసుకుపోయి ఉంది. కారణం అన్న చోట పొట్టి అక్షరాల్లో, పలుమార్లు తిరగబెట్టిన ఇన్ఫెక్షన్.

"మందు పూర్తిగానే వాడావు కదా?" అన్నారు మాస్టారు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే దబాయింపు లేదు.

"అట్ట పూర్తయ్యేదండి. సగం ఆయన మింగేవారు. పొద్దునది ఆయన, సాయంత్రంది నేను. ఒకటే ఇచ్చారు కదా, ఇద్దరికీ సర్దాను. మూడుసార్లూ అంతే."

మాస్టారు కాగితాలు మళ్ళీ మొదటికి తిప్పారు. ఆమే అంది.

"తప్పు నాదేనండి. పెద్దాసుపత్రిలో చెప్పారు, సగం సగం వాడితే ఇద్దరికీ తగ్గదంట. తగ్గినట్టే ఉండి మళ్ళీ ఒకరి నుంచి ఒకరికి వస్తుందంట. నాకేం తెలుసు? అసలు లేనిదానికన్నా సగమైనా నయం కదా అనుకున్నాను."

ఆ క్షణంలో చెప్పాల్సిన మాట ఒకటే ఉంది. తప్పు నీది కాదమ్మా, నాది. అంతకన్నా పొడుగైన మాట కూడా కాదు. మాస్టారు రక్తం మాత్రలు లెక్కపెట్టి, సందులోంచి తోసి, భోజనం చేశాక వేసుకో అన్నారు. ఆమె వెళ్ళిపోయింది. తప్పు తనదేననుకుంటూ, దాన్ని కూడా మాత్రలతో పాటు పట్టుకుపోయింది.

సాయంత్రం మాస్టారు ఏడో గదికి వెళ్ళారు. కిటికీ నుంచి ఆ గదికి ముప్పై అడుగులుంటాయేమో, ఏ చీటీ గురించైనా అడగడానికి ఆయన అటు నడిచిన రోజు లేదు. డాక్టరమ్మ బీరువాకి తాళం వేస్తోంది. సంగతి విని కుర్చీలో కూర్చుండిపోయింది.

"భర్తకు కూడా అని రాశాను కదా మాస్టారూ. ప్రతిసారీ రాశాను. మీరు రెండట్టలు ఇస్తున్నారనుకున్నాను. మీ ఆయన మందు వాడాడా అని ఆ పిల్లని అడిగితే వాడారండి అనేది. ఇంకేం అడగను?"

"నియమం ఉంది కదమ్మా, ఎవరి మందు వాళ్ళే..."

"ఎక్కడుంది? భాగస్వామి రాలేని పరిస్థితి అయితే వాళ్ళ మందు రోగి చేతికే ఇచ్చి పంపొచ్చు. నేను సంతకం పెడితే చాలు. ఒక్కసారి అడిగి ఉంటే రెండో చీటీ రాసిచ్చేదాన్ని." ఆ తర్వాత ఆవిడ తనని తాను కూడా వదల్లేదు. రెండోసారి వచ్చినప్పుడు నేను ఆ మొగుణ్ణే అనుమానించాను మాస్టారూ, మళ్ళీ ఎక్కడికో పోయి తెచ్చాడనుకున్నాను, ఆ మాట ఆ పిల్లతో అన్నాను కూడా అంది.

ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఒకరు చీటీ అడుగున రెండు మాటలు రాసి పని అయిపోయిందనుకున్నారు, ఒకరు అట్ట ఖాళీ అయితే జబ్బు పోయినట్టే అనుకున్నారు. చదువు లేని మనిషి ఒక్కర్తే ఇద్దరికీ మందు అందాలని మొదటి రోజే నోరు తెరిచి అడిగింది, ఉన్నదాన్ని పంచింది.

ఇంట్లో ఆ రాత్రి మాస్టారు కంచం ముందు కూర్చుని లేచిపోయారు. భార్య గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు. ఆవిడ ఎప్పటిలా దెప్పలేదు. ఆ పిల్లతో చెప్పారా అని మాత్రం అడిగింది. లేదన్నారు. మరి నాకెందుకు చెబుతున్నారు అంది.

చెప్పడానికే మర్నాడు బయల్దేరారు. వెళ్ళింది మాత్రం ఆమె దగ్గరికి కాదు. ఆడమనిషితో ఇలాంటి విషయం ఎలా మాట్లాడటం, మొగుడితో అయితే నయం అని తనకి తాను సర్దిచెప్పుకున్నారు. మంచి కారణంలాగే కనిపించింది. పిరికితనానికి మంచి కారణాలు ఎప్పుడూ కొదవుండవు. మొగుడెక్కడ పనిచేస్తాడో తెలుసుకుందామని పాత పసుపు చీటీల కట్ట తీయించి చూస్తే, చిరునామా కింద భర్త పనిచేసే చోటు రాసి ఉంది. ఎదురుగా ఉన్న అద్దాల షాపు.

రోజూ చూసే మనిషే. మోకాళ్ళ మీద కూర్చుని, స్కేలు ఆనించి, గాజు మీద ఒక్క గీత గీసి, ఠప్పుమని విరిచే సన్నటి మనిషి. మాస్టారు కళ్ళజోడుకి స్క్రూ ఊడిపోతే ఒకసారి అతనే బిగించి, ఊరుకోండి మాస్టారూ, దీనికేంటి అన్నాడు. టీ కొట్టు దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడి గ్లాసులు ఊదుకున్న పొద్దులు ఎన్నో.

మాస్టారు అతన్ని షాపు వెనక, గాజు పెంకులు పోసే డ్రమ్ము పక్కకి పిలిచి చెప్పారు. చివరిదాకా చెప్పారు. అతను తల వంచుకుని, వేలికి గుచ్చుకున్న గాజు నలుసు తీసుకుంటూ విన్నాడు.

"పోయినేడు రెండు నెలలు వేరే ఊళ్ళో పనికెళ్ళాను మాస్టారూ. పెద్ద బిల్డింగుకి అద్దాలు బిగించాలి. అక్కడ ఒక తప్పు జరిగింది. ఒక్కటే. ఇంటికొచ్చి దానికి చెప్పేశాను కూడా. ఏడ్చింది, తిట్టింది, సరేలే మందు వాడదాం అంది. రెండోసారి మళ్ళీ వచ్చేసరికి నన్ను దొంగని చూసినట్టు చూసింది. మూడోసారి నేను దాన్ని చూశాను."

"మరి నువ్వు వచ్చి ఉంటే..."

"ఎలా వస్తాను?" అతను గడ్డంతో రోడ్డు అవతలికి చూపించాడు. "ఇక్కడ కూర్చుంటే మీ కిటికీ ఈ అద్దాలన్నిట్లో కనపడుద్ది. పసుపు చీటీ ఎవడి చేతిలో ఉందా అని మావాళ్ళు పందేలు కాసుకుంటారు. రమ్మంటే రాలేకపోయాను. అది నా తప్పే. కానీ ఇస్తే మింగనా మాస్టారూ? సగం ఇస్తే సగం మింగాను. మొత్తం ఇస్తే మొత్తం మింగేవాణ్ణి."

మాస్టారు తలెత్తి చూశారు. నిజమే. వరుసగా నిలబెట్టిన అద్దాలన్నిట్లోనూ ఆయన కిటికీ ఉంది.

ఆ వారమే బోర్డు తీసేశారు. పసుపు చీటీలు మాన్పించి తెల్లవే వేయించడానికి డాక్టరమ్మ పై ఆఫీసుకి నాలుగు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. మాస్టారు రెండో అట్ట కూడా ఇవ్వసాగారు, దానికి రెండో మనిషి వివరాలతో, డాక్టరమ్మ సంతకంతో ఇంకో చీటీ. పొట్లంలో మాస్టారు తన చేతిరాతతో ఒక కాగితం పెట్టేవారు. ఇది మీ ఒక్కరికే, మొత్తం మీరే మింగాలి, పంచుకోవద్దు. ఇదివరకు ఏ మందైనా పడక ఒళ్ళు దద్దుర్లెక్కి ఉంటే మింగకుండా వచ్చి అడగండి. ఇద్దరి మందూ పూర్తయ్యేదాకా, ఆపైన ఇంకో వారం, కలవకండి. మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించుకోండి. జనం ఊరుకుంటారా? జంట అట్టల మాస్టారు అన్నారు. బిచ్చమేసినట్టు ఒకటిచ్చే మనిషి ఇప్పుడు బలవంతాన రెండు అంటగడుతున్నాడు అని క్యూలో నవ్వుకున్నారు. తిరగబెట్టి వచ్చేవాళ్ళు తగ్గారు. ఆ సంగతి పై ఆఫీసు దాకా వెళ్ళి, ఎవరో వచ్చి మాస్టారి ఫొటో తీస్తామంటే, ఆయన మందుల గదికి లోపల్నుంచి గడియ పెట్టుకున్నారు.

ఇస్త్రీ అమ్మాయి రెండు నెలల మాత్రలు అయిపోయాక వచ్చింది. ఖాళీ అట్టలు తెచ్చింది, ఎవరూ అడగకపోయినా. వాటిని సందులోంచి లోపలికి తోసింది. చీటీ ఇవ్వలేదు.

"మా ఆయనతో చెప్పారంట," అంది.

మాస్టారు అవునన్నారు.

"రెండు నెలలైంది. నాతో ఆయన నిన్న చెప్పారు. ఈ రెండు నెలలూ మా అత్తగారు నన్నేమన్నారో మీకు తెలీదు. నేనూ అదే అనుకున్నాను. చేతులారా చేసుకున్నానని. నాతో కదండీ చెప్పాల్సింది."

మాస్టారు కుర్చీలోంచి లేచి, తలుపు తీసుకుని వరండాలోకి వచ్చారు. ఇరవై ఆరేళ్ళలో కిటికీ ముందు నిలబడ్డ మనిషి ముఖం చూసి మాట్లాడటానికి ఆయన ఆ గది దాటింది అదే మొదలు. ఆమె ముఖం ఆయన అనుకున్నంత చిన్నపిల్ల ముఖం కాదు.

"నాదే తప్పమ్మా," అన్నారు, క్యూలో అందరికీ వినపడేలా. "నువ్వు మొదటి రోజే అడిగావు. డాక్టరమ్మ రాసింది. నేనివ్వలేదు."

ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ అడిగింది.

"అప్పుడే ఇచ్చి ఉంటే కడుపు నిలిచేదా?"

నిలిచేదమ్మా అంటే ఆమె గుండె పగులుతుంది. నిలిచేది కాదు అంటే తన బరువు దిగిపోతుంది. రెండిట్లో ఏది నిజమో మాస్టారికి తెలియదు.

"ఏమో తల్లీ. నిలిచేదేమో. చెప్పలేను."

ఆమె తలూపింది, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. చీటీ ఇచ్చి, మందు తీసుకుని వెళ్ళింది. ఆ తర్వాత ఆ కిటికీకి ఎప్పుడూ రాలేదు. మందులు అవసరమైనప్పుడు మొగుడే పట్టపగలు, తోటివాళ్ళు చూస్తుండగానే రోడ్డు దాటి వచ్చేవాడు. ఆమె పేరున చీటీ అందించేవాడు, తీసుకునేవాడు, పోయేవాడు. టీ కొట్టు దగ్గర మాత్రం మాస్టారిని చూస్తే గ్లాసు పట్టుకుని అవతలి వైపుకి జరిగేవాడు.

మాస్టారు రిటైరయిన రోజు డాక్టరమ్మ మాట్లాడుతూ ఈయన వల్ల ఎన్ని సంసారాలు బాగుపడ్డాయో అంది. మాస్టారు ఆ మాటకి చప్పట్లు కొట్టనివ్వలేదు, చెయ్యెత్తి ఆపేశారు. ఇంటికొచ్చాక భార్య, ఆ అమ్మాయి ఎలా ఉందో ఏమైనా తెలిసిందా అని అడిగింది.

తెలియదన్నారు. వాళ్ళాయన చెప్పడు, నాకు అడిగే ముఖం లేదు.